ఆరు పడితే ఆరే

మా పాపకు తొమ్మిదేళ్ళు. పోయిన వానాకాలం ఒక ఆదివారం పొద్దున లెక్కల నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టి, "డాడీ, నీ డైస్‌లు ఖరాబైనయా?" అని అడిగింది. పేజీ నిండా నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, మళ్ళీ నాలుగు. మేమాడిన నాలుగు ఆటల్లో నాకు ఏయే అంకెలు పడ్డాయో అన్నీ రాసుకుంది. మొత్తం 54. అందులో ఆరు పడింది 2 సార్లు.

"ఒక్కో అంకె ఆరింట్లో ఒకసారి వస్తదని నువ్వే చెప్పినవ్ గదా. మరి తొమ్మిది రావాలె."

నేనే చెప్పాను. గీతలు గీసి రాసుకోమన్నదీ నేనే, ఆటతో పాటు కాస్త లెక్కలు కూడా వస్తాయన్న ఆశతో. "ఒక్కోసారి అట్ల అయితది బిడ్డా" అన్నాను. తను వాదించలేదు. నా నీలం డైస్‌లు అయిదూ తీసుకుని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పన్నెండు సార్లు వేసింది. 60లో 11 ఆర్లు. కాసేపు నోట్‌బుక్ వైపు చూసింది, కాసేపు నా వైపు.

"డైస్‌లు మంచిగనే ఉన్నయ్ డాడీ."

జరిగింది ఇంతే. ఇంట్లో ఎవరికీ ఇది పెద్ద విషయంగా అనిపించలేదు. నాకు మాత్రం ఇప్పటికీ గొంతులో ఏదో అడ్డుపడ్డట్టే ఉంది.

ముందు ఆట సంగతి చెప్పాలి. డాలస్‌లో ఉండే మా బామ్మర్ది సెలవులకొస్తూ ఒక పెట్టె తెచ్చాడు. పాపకు తెచ్చానన్నాడు గానీ మూత తీసేటప్పుడు వాడి చేతులే ముందున్నాయి. వార్‌హామర్. ఇంగ్లండ్‌లో గేమ్స్ వర్క్‌షాప్ అనే కంపెనీ 1983లో మొదలుపెట్టిన ఆట. మాకొచ్చింది దాని కొత్త రూపాల్లో ఒకటైన ఏజ్ ఆఫ్ సిగ్మార్. లోపల బూడిద రంగు ప్లాస్టిక్ చట్రాలు, వాటికి అంటుకుని చేతులు, తలలు, కత్తులు, తోకలు విడివిడిగా. కటర్‌తో కత్తిరించి, అంచులు గీకి, ఒకదాంట్లో ఒకటి నొక్కితే బొటనవేలంత మనిషి తయారవుతాడు. ఒక సైన్యం బంగారు కవచాల వీరులు, పేరు స్టార్మ్‌కాస్ట్. రెండోది స్కేవెన్, అంటే రెండు కాళ్ళ మీద నడిచే ఎలుకలు. పెట్టె మీది బొమ్మ చూస్తేనే తెలిసిపోతుంది, ఎవరు మంచివాళ్ళో ఎవరు కాదో.

పాప ఎలుకలే కావాలంది. ఎందుకంటే అవి వినాయకుడి వాహనం. ఆ కంపెనీ వాళ్ళు నలభై ఏళ్ళుగా పేర్చుకుంటూ వచ్చిన పురాణమంతా తుర్కయంజాల్‌లో ఒక్క వాక్యంతో తలకిందులైంది. మా అమ్మ కూడా, అప్పటిదాకా "ఏందిరా గీ దయ్యాలు ఇంట్ల" అన్నది కాస్తా, ఎలుకలకు ఒక పళ్ళెం ఇచ్చింది పెట్టుకోవడానికి.

మా ఇల్లు సాగర్ రోడ్డు నుంచి లోపలికి, మాసబ్ చెరువు వైపు. ఇలాంటి ఆటలకు సామాను దొరికే కొట్టు మా చుట్టుపక్కల లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో స్కూలు పిల్లల స్టేషనరీ షాపులో ఆక్రిలిక్ రంగులు, సన్న బ్రష్‌లు కొన్నాం. రంగు సీసాలోంచి తీసి నేరుగా పూస్తే ఎలుక మొహం, పళ్ళు, మీసాలు అన్నీ కలిసి ముద్దయిపోతాయి. నీళ్ళు కలిపి పల్చగా ఒక పూత, ఆరాక ఇంకో పూత వేయాలి. ఇది నాకు అయిదు ఎలుకలు చెడిపోయాక తెలిసింది. కళ్ళకు మాత్రం వాళ్ళమ్మ ఎర్ర నెయిల్‌పాలిష్, అగ్గిపుల్ల కొనతో ఒక్కో చుక్క. డైనింగ్ టేబుల్ మీద ఆకుపచ్చ దుప్పటి పరిచి, కింద పుస్తకాలు దూర్చితే గుట్టలు. పాత కుక్కర్ గాస్కెట్ మాసబ్ చెరువు. ఎవరు ఎంత దూరం నడవాలో కొలవడానికి మా అమ్మ కుట్టుమిషన్ టేపు. షోకేసులోంచి కొండపల్లి అంబారీ ఏనుగు కూడా వచ్చి చేరింది. తెల్లపొణికి చెక్క కాబట్టి చూడ్డానికి అంత పెద్దదైనా ఎత్తితే బరువుండదు. పాప దాన్ని ఎలుకల రాజుగారి వాహనమంది. ఏనుగు మీద ఎలుక, పురాణం ఇంకోసారి తలకిందులు. తాటిచెట్టెక్కిన గీత కార్మికుడి బొమ్మేమో కాపలా బురుజు.

అసలు రూల్స్ పుస్తకం తొమ్మిదేళ్ళ పిల్లకు ఎక్కువ. సగం పక్కన పెట్టేసి మా ఇంటి రూల్స్ రాసుకున్నాం. నడవడం, ఎదురుపడితే డైస్ వేయడం. నాలుగు, ఆపైన పడితే దెబ్బ తగిలినట్టు. ఆరు పడితే డాలు కూడా ఆపలేదు.

మా స్నేహితుల్లో కొందరికి ఇక్కడే అభ్యంతరం. పిల్ల చేతికి యుద్ధం ఇస్తావా అని. అభ్యంతరం తేలికైంది కాదు, అయినా నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచలేదు. హెచ్.జి. వెల్స్ 1913లో లిటిల్ వార్స్ అని ఒక పుస్తకం రాశాడు, బొమ్మ సైనికులతో, స్ప్రింగు ఫిరంగితో నేల మీద ఆడే యుద్ధానికి నియమాలు. పన్నెండేళ్ళ నుంచి నూట యాభై ఏళ్ళ వరకు ఉన్న అబ్బాయిలకని మొదటి పేజీలోనే చెప్పి, మగపిల్లల ఆటలు ఇష్టపడే కాస్త తెలివైన అమ్మాయిలకు కూడా చోటిచ్చాడు. (మా పాపకు ఇది చదివి వినిపిస్తే "కాస్త ఏంది?" అంది.) పుస్తకం చివర, ఈ చిన్న యుద్ధం చాలు, పెద్ద యుద్ధాలన్నీ మతిలేని పనులు అన్న అర్థంలో చాలా నమ్మకంగా రాశాడు. తర్వాతి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం. అదే వెల్స్ ఇక యుద్ధాలన్నిటినీ అంతం చేసే యుద్ధం ఇదేనంటూ దాన్ని సమర్థిస్తూ రాశాడు. కాబట్టి ఆట యుద్ధం అసలు యుద్ధాన్ని ఆపుతుందని నేను చెప్పను.

ఆడనివ్వకపోతే ఆగుతుందనీ చెప్పలేను. పల్నాటి కథలో బాలచంద్రుణ్ణి వాళ్ళమ్మ ఐతాంబ యుద్ధానికి దూరంగా ఉంచాలని బొంగరాలాటకు పంపింది. ఆ బొంగరమే ఎగిరి ఒకమ్మాయి కాలికి తగిలింది. అక్కడ మీవాళ్ళు యుద్ధంలో ఉంటే నువ్విక్కడ ఆడుకుంటున్నావా అని ఆ అమ్మాయి తిట్టాకే వాడు కారంపూడికి బయల్దేరాడు, తిరిగిరాలేదు. యుద్ధం బొంగరంలోంచి కూడా వస్తుంది. మా పాప మాత్రం మొదటి ఆటలోనే అడిగింది, "సచ్చిపోయినోళ్ళను ఎక్కడ పెట్టాలె?" పెట్టె మూతలో కర్చీఫ్ పరిచి వరసగా పడుకోబెట్టింది. దానికి ఆస్పత్రి అని పేరు. ఆట అయిపోగానే అందర్నీ లేపింది. అలా లేవరన్న సంగతి తనకు తెలుసు. మా నాన్న పోయినప్పుడు తనకు ఆరేళ్ళు.

నా తప్పు యుద్ధంలో లేదు, గుట్ట వెనక ఉంది. పాఠ్యపుస్తకాల గుట్ట చాటున డైస్ వేసి, పాప తొంగిచూసేలోపు చేత్తో ఊడ్చేసి, "నాలుగు" అనేవాణ్ణి. పడింది ఆరు. అలా ఎన్నిసార్లో లెక్కపెట్టుకోలేదు. మొదటి ఆటలో ఓడిపోయి తను బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. రెండో ఆటలో గెలిపించాను. ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపు తన ఎలుకలు గుట్టను ఎలా చుట్టుముట్టాయో వాళ్ళమ్మకు పప్పన్నంలో గీతలు గీసి మరీ చూపించింది. ఆ మొహం చూశాక మూడోసారి అబద్ధం ఆడటం పెద్ద కష్టమనిపించలేదు.

డైస్‌లంటే మా అమ్మకు మొదట్నుంచీ పడదు. గవ్వలతో అష్టాచెమ్మ ఎంతసేపైనా ఆడుతుంది, పాచికలు మాత్రం ఇంట్లో వద్దంటుంది. భారతం భయం. శకుని పాచికలు వాడి తండ్రి ఎముకలతో చేసినవని, అందుకే కొడుకు అడిగిన అంకె పడేదని మన దగ్గర ఒక కథ చెప్పుకుంటారు. నాకిప్పుడు ఆ కథ వేరేగా వినిపిస్తోంది. నేను తిరగేసిన శకునిని. గెలవడానికి కాదు, ఓడటానికి మోసం చేశాను. బిడ్డ కోరిన అంకె పడాలని తండ్రి ఎముకలు అరిగిపోతే దాన్ని ప్రేమ అనే అంటాం. కానీ అటుపక్క కూర్చున్నవాడికి, అది ధర్మరాజైనా మా పాపైనా, అందులో తేడా ఏముంది? ఆట అనుకుని కూర్చున్నచోట ఆట లేదు.

దీన్ని "చిన్నపిల్లతో చిన్న అబద్ధం" అని కొట్టిపారేయొచ్చు. మా ఆవిడ అదే అంది. "తొమ్మిదేళ్ళ పిల్లను ఓడించి నువ్వేం సాధిస్తవ్?" ఆమె మాటలో న్యాయం ఉంది. నిద్రపోయేముందు చెప్పే కథల్లో, పళ్ళు ఊడినప్పుడు, పండగలప్పుడు పిల్లలతో ఎన్నో కల్పనలు ఆడతాం, వాళ్ళకూ సగం తెలుసు, కలిసే నటిస్తారు. కానీ డైస్ ఆ కోవలోది కాదు. మా ఇంట్లో ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, టీవీ ఎప్పుడు కట్టేయాలి, అన్నీ మేం చెప్పినట్టే జరుగుతాయి. మా పైన కూడా ఒకటుందని, దాని ముందు డాడీ కూడా నోరు మూసుకోవాలని తనకు తెలిసిన ఒకే ఒక్క చోటు ఆ టేబుల్. మూడు పడితే నాకైనా మూడే. దాన్ని కూడా నేను గుట్ట చాటుకు తీసుకెళ్ళిపోయాను. తనకు గెలుపు ఇచ్చాననుకున్నాను, నిజానికి ఎదురుగా కూర్చున్న మనిషిని లేకుండా చేశాను.

స్టీవెన్‌సన్, ట్రెజర్ ఐలండ్ రాసినాయన, 1881-82 చలికాలంలో ఊపిరితిత్తుల జబ్బుతో స్విట్జర్లండ్‌లోని దావోస్‌లో ఉన్నప్పుడు, తన భార్య మొదటి పెళ్ళి కొడుకు లాయిడ్‌తో అటక మీద నేలంతా సుద్దముక్కతో మ్యాపు గీసి సీసపు సైనికులతో యుద్ధాలు ఆడాడు. పిల్లవాడికి పదమూడేళ్ళు. ఆ యుద్ధాల గురించి స్టీవెన్‌సన్ ఉత్తుత్తి పత్రికా వార్తలు కూడా రాసేవాడు. పెద్దయ్యాక లాయిడ్ దీని గురించి రాసినప్పుడు గుర్తు చేసుకున్నది ఆయన జాలిని కాదు, ఆయన ఎంత పట్టుదలగా ఆడేవాడో అది. లేచి సరిగ్గా తిరగలేని మనిషి ఒక పిల్లవాడికి ఇచ్చిన గౌరవం అది. నేను ఆరోగ్యంగా ఉండి ఇవ్వలేకపోయింది.

ఆ నోట్‌బుక్ రోజు తర్వాత పాప మూడు వారాలు ఆడలేదు. కోపం కూడా పెద్దగా చూపించలేదు. ఒకసారి స్కూలు బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు అడిగింది.

"మరి నేను గుట్ట ఎక్కి గెలిచిన ఆట? అది కూడా నువ్వే ఇచ్చినవా?"

అది నేను ఇవ్వలేదు. ఆ ఒక్క ఆటలో, చివరి రెండు రౌండ్లు నేను నిజంగా ప్రయత్నించి ఓడిపోయాను. తను ఎలుకల్ని రెండుగా చీల్చి, సగాన్ని చెరువు చుట్టూ తిప్పి తెచ్చిందని నేను చూసుకోలేదు. "లేదు బిడ్డా, అది నువ్వే గెలిచినవ్" అన్నాను. బస్సొచ్చింది. ఎక్కేముందు నా మొహం ఒకసారి చూసింది, నమ్మాలని ఉన్నట్టు, ఎలా నమ్మాలో తెలియనట్టు.

అబద్ధం ముందుకు మాత్రమే నడుస్తుందనుకునేవాణ్ణి, అంటే ఇకమీదట నన్ను నమ్మరు అని. అది వెనక్కి కూడా నడుస్తుందని ఆ బస్‌స్టాపులో తెలిసింది. నిజంగా గెలిచిన ఆటను కూడా నేను తన దగ్గర్నుంచి లాగేసుకున్నాను, తిరిగివ్వడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. ఆ సాయంత్రం తను వేసిన బొమ్మ చూపించింది. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. "ఊఁ" అని తీసుకెళ్ళిపోయింది.

ఇదంతా మా అమ్మతో చెప్పుకున్నాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "మీ నాయిన గిట్లనే గదరా" అంది.

మా నాన్న నాతో పులిజూదం ఆడేవాడు. ఇబ్రహీంపట్నం అవతల మా ఊళ్ళో అరుగు బండ మీద ఎవరో ఎప్పుడో చెక్కిన గళ్ళున్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు చింతగింజలు, మేకలకు గులకరాళ్ళు. పులి దూకి మేకను తింటుంది, మేక దేన్నీ తినలేదు, గుంపుగా చేరి పులిని కదలకుండా కట్టేయడమే దాని గెలుపు. నాన్న ఎప్పుడూ పులే. దయాదాక్షిణ్యం ఉండేది కాదు. నా పదకొండో ఏట సంక్రాంతి సెలవుల్లో మూడు పులుల్నీ కట్టేశాను. ఊరంతా చెప్పుకు తిరిగాను. ఎంత కష్టమైనా తెగబడి చూడాలి అనే మాట ఎప్పుడొచ్చినా, కాలేజీలో, ఉద్యోగంలో, పెళ్ళిచూపుల్లో కూడా, ఈ కథే చెప్పాను. మూడు దశాబ్దాలుగా చెబుతున్నాను.

"ఆ రోజు కావాల్ననే ఇడిసిపెట్టిండు. నీకు జరమొచ్చి లేసినవ్ అప్పుడే" అంది అమ్మ.

"నీకు ఆయన చెప్పిండా?"

"చెప్పిండో, నేనే అనుకున్ననో. ఎన్నేండ్లాయె."

ఈనెలు తీయడం ఆపలేదు. నాకు మాత్రం నలభై రెండేళ్ళ వయసులో బాత్రూంలోకి వెళ్ళి తలుపేసుకోవాలనిపించింది. ఆయన్ని అడుగుదామంటే లేడు. ఆ రాత్రి కాగితం మీద గళ్ళు గీసి, ఆ రోజు ఎత్తులు గుర్తు తెచ్చుకుని ఆడి చూశాను. ఒక చోట, ఎడమ పక్క పులికి దూకే దారి ఉన్నట్టే ఉంది. నా జ్ఞాపకం సరైందైతే. ఆ రాయి ఆ గడిలోనే ఉండి ఉంటే.

ఆయన మీద కోపం రాలేదని చెబితే అబద్ధం. జ్వరం నుంచి లేచిన కొడుకు కోసం ఓడిన మనిషిని ప్రేమించకుండా ఉండలేను, ఆ గెలుపును మాత్రం ఇంక ఎవరికీ చెప్పలేను. ఈ రెండూ ఒకేసారి నిజం. పాప కూడా ఏదో ఒక రోజు ఈ రెండింటినీ కలిపే మోస్తుందేమో. నాకైతే తను ఆ బరువు మొయ్యకుండా చేయాలని ఉంది, ఆలస్యమైనా.

ఆ కాగితం మీద గళ్ళు చూస్తున్నప్పుడే ఇంకోటి తట్టింది. పులిజూదంలో బలాలు అసలు సమానం కావు. కానీ ఎవరికి ఏమేం ఉన్నాయో ఆట మొదలవకముందే బండ మీద అందరి కళ్ళ ముందూ ఉంటుంది. వార్‌హామర్‌లో కూడా ప్రతి బొమ్మకీ, ప్రతి దళానికీ పాయింట్లలో ఒక ధర ఉంటుంది, ఇద్దరూ ఒకే మొత్తానికి సైన్యం కూర్చుకుంటే సమానం. ఆడటం కొత్తగా నేర్చుకునేవాళ్ళకు పెద్దవాళ్ళు ఎక్కువ పాయింట్లు ఇవ్వొచ్చు. చిన్నప్పుడు గల్లీ క్రికెట్‌లో బుడ్డోడికి మొదటి బంతికి ఔట్ లేదనేవాళ్ళం, అరిచి మరీ చెప్పేవాళ్ళం. అదీ దయే. వాడికి తెలిసిన దయ. కావాలంటే వాడు వద్దనగల దయ. నేను చేసింది పాపకు వద్దనే వీలు లేకుండా చేసిన దయ.

నాలుగో ఆదివారం తన దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఎన్నిసార్లు మోసం చేశానో గుర్తులేదు, చేసింది మాత్రం నిజం, చెరువు చుట్టూ తిప్పి గెలిచిన ఆట మాత్రం నీదే అన్నాను. ఈసారి కావాలంటే నీకు 500 పాయింట్లు, నాకు 350 అన్నాను. చాలాసేపు తన గోళ్ళు చూసుకుంది.

"వద్దు. ఇద్దరికీ అయిదొందలు."

ఓడిపోయింది. బాత్రూంలోకి వెళ్ళింది. తర్వాతి ఆదివారం మళ్ళీ ఓడిపోయింది, ఏడవలేదు, ఏనుగును నా మీదికి విసిరింది. తొండం విరిగింది, ఫెవికాల్‌తో అతికించాం. బయట మాత్రం మా ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నాకు నేనే సందేహంలో పడ్డ రాత్రులున్నాయి, ఇది పాప కోసమా లేక నా మనశ్శాంతి కోసమా అని. దానికి జవాబు నా దగ్గర లేదు.

మూడో వారం తనే బేరానికొచ్చింది.

"ఎన్ని ఎక్కువిస్తవ్?"

"వంద."

"నూట ఇరవై. మళ్ళ ఏనుగు ఫ్రీ."

కాగితం మీద రాయమంది, రాశాను. సంతకం పెట్టమంది, పెట్టాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి స్టీలు పళ్ళెం ఒకటి తెచ్చి టేబుల్ నడిమధ్య, గుట్టకూ చెరువుకూ మధ్యన పెట్టింది. ఇకనుంచి డైస్‌లు ఇద్దరూ అందులోనే వేయాలట.

అవి పళ్ళెంలో పడితే ఆ మోతకు పక్కగదిలో మధ్యాహ్నం నిద్రలో ఉన్న మా అమ్మ లేచి కూర్చుంది. "ఏందిరా ఆ సప్పుడు" అంటూ వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని పళ్ళెంలోకి తొంగి చూసింది.

"ఆరు" అంది పాప, నాకంటే ముందే. అది నా డైస్. ముందు వరసలో నిలబడ్డ తన ఎలుకను తీసి కర్చీఫ్ మీద పడుకోబెట్టింది.